రోజూ వస్తుంది

ఆ గదికి తాళం వేసింది మీరే. ఇంకొకరి మీదికి నెట్టకండి. తలుపు మీద నీలిరంగుతో 'పిల్లల గది' అని రాయించి, పక్కన నవ్వే ఏనుగు బొమ్మ వేయించి, లోపల నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు పేర్పించింది మీరే. ఫ్యాక్టరీ మీది, గది మీది, తాళంచెవి మీది. తనిఖీ అని వచ్చి, పదకొండు నిమిషాలు నిలబడి, ఏనుగుకు ఫొటో తీసుకుని వెళ్ళిన పెద్దమనుషులారా, మీకూ ఇందులో వాటా ఉంది. పిల్లలు మాత్రం మీవాళ్ళు కాదు. అందుకే మీకు తొందర లేదు.

ఆమెను లైనులో అందరూ టిచ్చమ్మ అంటారు. పసిపిల్లల బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో టిచ్ బటన్లు కొట్టే మెషీను ఆమెది. ఒక్కో సూటుకు మెడ నుంచి మడమ దాకా పదకొండు బటన్లు. కింది అచ్చులో ఒక బిళ్ళ, పై అచ్చులో ఒక బిళ్ళ, మధ్యలో గుడ్డ. కాలితో నొక్కితే టక్. గుడ్డ జరిపి మళ్ళీ నొక్కితే టక్. గంటకోసారి ఒక సూటు తీసుకెళ్ళి బటను లాగి చూసే మెషీనుకు తగిలిస్తారు. ముల్లు ఎర్రగీత దాటేదాకా బటను ఊడకూడదు. ఊడిందా, ఆ గంటలో కొట్టిన సరుకంతా వెనక్కి. ఎక్కడో ఏ ఇంట్లోనో ఒక పసిగుడ్డు బటను పీకి మింగేస్తుందేమోనని ఆ జాగ్రత్త. ఉండాల్సిన జాగ్రత్తే. కాదని ఎవరన్నారు? కానీ ఆ బటను కొట్టే మనిషి కన్న పసిగుడ్డు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా తల్లిపాల చుక్క తాగిందా లేదా అని చూసే ముల్లు ఆ ఫ్యాక్టరీలో ఎక్కడా లేదు.

పాపకు పది నెలలు. పుట్టినప్పుడు ఇంతే ఉందని నానమ్మ గుప్పిట చూపించి 'పిడికెడు' అంది. అసలు పేరు ఆస్పత్రి కాగితంలో ఉంది గానీ, ఇంట్లో ఎవరికీ దానితో పనిపడలేదు.

ఆ సోమవారం టిచ్చమ్మ ఇంటికి వచ్చి చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగింది. మెషీను నూనె వాసన ఉంటే పాప ముక్కు ముడుస్తుంది. ఆమె చేతులు తుడుచుకుంటుండగానే నేలమీద టపటపా అరచేతుల చప్పుడు. పిడికెడు పాక్కుంటూ వచ్చి, గడప దగ్గరున్న బకెట్ అంచు పట్టుకుని, పిరుదులు పైకెత్తి, మోకాళ్ళు వణికించుకుంటూ నిలబడింది. నిలబడి, తను చేసిన పనికి తనే నోరు తెరిచింది.

"ఓసి నీ దుంపతెగ!" అత్త వంటగదిలోంచి పరుగున వచ్చింది. పరుగంటే ఆమె మోకాళ్ళకు సాధ్యమైనంత పరుగు. "చూశావా అమ్మాయ్! నిలబడిందే! పొద్దున్నుంచీ ఒక్కసారన్నా లేస్తే ఒట్టు. నీకు చూపించాలని దాచుకుంది, దొంగమొహంది!"

టిచ్చమ్మ కూలబడి పాపను ఒళ్ళోకి లాక్కుంది. మెడ వంపులో మొహం పెట్టి ఊదితే అది కిలకిలా మెలికలు తిరిగింది. ఒక నిమిషం పాటు లోకంలో ఇంకేమీ లేదు. తర్వాత తలెత్తి చూస్తే వంటగదిలో కింది అరలో ఉండాల్సిన గిన్నెలు, నూనె డబ్బా, అగ్గిపెట్టె అన్నీ పై అరలో ఉన్నాయి. పాకే పిల్లకైతే కింది అరకు ఏదన్నా అడ్డం పెడితే చాలు. గిన్నెలు పైకెక్కించాల్సింది నిలబడే పిల్ల ఉన్న ఇంట్లో.

మొదటి పన్ను అప్పుడూ ఇంతే. "నాకేం కనబడలేదమ్మా, నువ్వే వేలు పెట్టి చూడు" అంది అత్త. అప్పటికే చెంచా కొస మీద చిన్న నొక్కు ఉంది.

పాలు పట్టబోతే పిడికెడు రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంది. మళ్ళీ పెడితే వీపు విల్లులా వంచి ఏడ్చింది. దాని కళ్ళు గూట్లో ఉన్న సీసా మీద ఉన్నాయి.

"సీసాలో అయితే కష్టపడకుండా వస్తాయి. దానికి తెలియదా ఏంటి?" అంది అత్త. "పగలంతా సీసా, సాయంత్రం నువ్వు. అది మాత్రం ఎన్ని రుచులు గుర్తుపెట్టుకుంటుంది?"

ఆ మాటలో దెప్పు లేదు. ఉన్న సంగతి అంతే. ఐదు రోజుల కిందట ఆరోగ్యకేంద్రం నర్సమ్మ పాపను తూకం తొట్టిలో పడుకోబెట్టి, ముల్లు వంక చూసి, కార్డు తిరగేసి, మళ్ళీ ముల్లు వంక చూసింది. "రెండు నెలల నుంచి అక్కడే ఉందమ్మా. అన్నం మెదిపి పెట్టండి, పెట్టొద్దనను. కానీ పగలు రెండుసార్లన్నా నీ పాలు పట్టాలి. పట్టకపోతే ఉన్న కాసిన్నీ వెనక్కి పోతాయి. పదిహేను రోజుల్లో తీసుకురా, మళ్ళీ తూద్దాం" అంది.

పగలు రెండుసార్లు. చెప్పినంత సులువా? పదింటికి మెషీను ముందు కూర్చున్న టిచ్చమ్మ రవిక తడిసిపోతుంది. కొంగు అడ్డం వేసుకుని మరుగుదొడ్డికి వెళ్ళి, బేసిన్ మీద వంగి పిండుకుంటుంది. పల్చటి తెల్లటి ధార. కుళాయి తిప్పితే పోతుంది. మొదట్లో రోజుకు నాలుగుసార్లు వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కసారి చాలు. అదే ఆమె భయం. ఆ ఒక్కసారీ అవసరం లేని రోజు వస్తే పని మానినా లాభం ఉండదు. ఇప్పుడే మానేద్దామంటే, లారీ మీద వెళ్ళిన మొగుడు తెచ్చేది ఇంటి అద్దెకే సరి.

మంగళవారం టీ వేళకు సూపర్‌వైజరు ఆమె మెషీను పక్కన వచ్చి నిలబడ్డాడు. అతన్ని వెనక అందరూ గడియారం అంటారు. మనిషి మొహం చూడడు, మణికట్టు చూసి మాట్లాడతాడు.

"ఏమ్మా, నీకు పాప ఉంది కదా?" అన్నాడు మణికట్టుతో.

"ఉంది సార్."

"రేపు తీసుకురా. శుభ్రంగా స్నానం చేయించి, మంచి బట్టలేసి. బట్టలు కొనేవాళ్ళ తరఫున తనిఖీకి వస్తున్నారు. పిల్లల గదిలో ఓ ఆరుగురు పిల్లలు కనబడాలి."

టిచ్చమ్మ కాలు పెడల్ మీదే ఆగిపోయింది. పనిలో మళ్ళీ చేరిన రోజున ఆమె అడిగిన మొదటి మాటే ఆ గది. ఆయా లేదన్నారు. ఆయా వచ్చాక చూద్దామన్నారు.

"ఆయా వచ్చిందా సార్?"

"రేపటికి వస్తుంది. ఎవరన్నా అడిగితే పాప రోజూ వస్తుందని చెప్పు. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

రిజిస్టరు కొత్తది. జిగురు వాసన కూడా పోలేదు. అడ్డంగా పిల్లల పేర్లు, నిలువుగా తేదీలు, ప్రతి గడిలో ఒక టిక్కు. ఒకే పెన్నుతో, ఒకే చేతితో, ఒకే విడతలో కొట్టిన ఏడాది టిక్కులు. టిచ్చమ్మ తన పాప వరస మీద వేలు పెట్టి మొదటికంటా వెళ్ళింది.

"సార్, మా పాపకు పది నెలలు. ఇందులో పన్నెండు నెలల నుంచి వస్తోంది."

గడియారం మొదటిసారి మణికట్టు వదిలి కాగితం చూశాడు. వెనక మెషీను మీద కాలర్లు కుట్టే ఆవిడ, అందరికీ కాలరక్క, తలెత్తకుండానే అందుకుంది. "కడుపులో ఉన్నప్పటి నుంచీ హాజరు వేశారన్నమాట. తెలివైన పిల్ల సార్! పుట్టకముందే డ్యూటీ ఎక్కింది."

నాలుగు మెషీన్ల దాకా నవ్వు పాకింది. గడియారం కూడా నవ్వబోయి మానుకున్నాడు. "అంత వెనక్కి ఎవరు చూస్తారమ్మా? పెట్టు సంతకం."

ఆమె పెట్టింది. ఎందుకు పెట్టిందని ఆమెను అడగకండి. మొదటి టిక్కు కొట్టినవాడిని అడగండి.

బుధవారం పొద్దున ఆ గది తలుపు తీసి ఉంది. రంగు చాపలు పరిచారు. బొమ్మలు పెట్టారు గానీ వాటి ప్లాస్టిక్ సంచులు తీయడం మర్చిపోయారు. కాలరక్క ఒక్కోటీ చింపి తీసింది, లేకపోతే పిల్లలు మొహాలకు తొడుక్కునేవాళ్ళే. ఆయా వచ్చేసింది. ఎవరో కాదు, రోజూ ఫ్యాక్టరీ ఊడ్చే పెద్దమ్మే. తెల్లటి ఏప్రన్ తొడిగారు. దాని మడతలు ఇంకా గీతలు గీసినట్టే ఉన్నాయి.

"ఏం పెద్దమ్మా, ప్రమోషనా?" అంది కాలరక్క, ఏడాదిన్నర కొడుకును చంక దించుతూ. వాడి పేరు బండోడు. పేరుకు తగ్గవాడే.

"సాయంత్రం దాకానే అంట. మళ్ళీ చీపురే" అంది పెద్దమ్మ. అంటూనే పిడికెడును అందుకుని భుజాన వేసుకుంది. వేసుకున్న తీరులోనే తెలిసిపోయింది, ఆ చేతుల్లో పెరిగిన పిల్లలు ఇద్దరో ముగ్గురో కాదని.

టిచ్చమ్మ మెషీను నుంచి ఆ గది నలభై అడుగులు. ఆమె లెక్కపెట్టింది. ఇన్ని నెలలుగా పాపకూ తనకూ మధ్య రెండు బస్సులు, ఒక వంతెన ఉన్నాయనుకుంది. ఉన్నది నలభై అడుగులు, ఒక తాళం.

పదింటికి గడియారమే వచ్చి, "వెళ్ళి పాలు పట్టుకో, వాళ్ళు వచ్చే వేళైంది" అన్నాడు. ఆమె చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ సీసా లేదు. పిడికెడు కాసేపు వెతికింది, చిన్నగా కోప్పడింది, తర్వాత నోరు అందుకుంది. మొదట చకచకా, ఆపైన నిదానంగా, గొంతులో గుటక వినబడేలా. ఒక చేత్తో తల్లి మెడలోని గుర్తింపు కార్డు పట్టుకుని, మడమతో ఆమె పొట్ట మీద తాళం వేస్తూ తాగింది. టిచ్చమ్మకు భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. అవి అన్నాళ్ళూ పైకి బిగబట్టి ఉన్నాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

తనిఖీవాళ్ళు ఇద్దరు. ఒకావిడ, ఒకాయన. వెంట మేనేజరు. తనిఖీ ఆయన ఏనుగు బొమ్మకు ఫొటో తీసుకున్నాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పిడికెడు బుగ్గ నిమిరింది.

"ముద్దుగా ఉంది. రోజూ తీసుకొస్తావా?"

మేనేజరు గోడ వంక చూశాడు. గడియారం మణికట్టు వంక చూశాడు. పెద్దమ్మ నేల వంక చూసింది. టిచ్చమ్మ పాప వంక చూసింది. దాని గడ్డం మీద పాలచుక్క ఉంది.

"రోజూ వస్తుంది" అంది.

అబద్ధమే. కానీ ఆ మాట బయటికి వచ్చాక ఆమెకు తప్పు చేసినట్టు అనిపించలేదు. ఏదో చాలాకాలంగా నోట్లో ఉన్న మాట అన్నట్టు అనిపించింది.

"బావుంది" అని ఆవిడ రాసుకుంది. లేస్తూ మేనేజరుతో, "సరుకు లోడయ్యేలోపు ఇంకోసారి వస్తాం. ఏ రోజన్నది ముందు చెప్పం" అంది. మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు.

రెండింటికి ఇళ్ళ దగ్గరున్న అత్తలకూ అమ్మలకూ కబురెళ్ళింది, వచ్చి పిల్లల్ని తీసుకుపొమ్మని. మూడున్నరకు బొమ్మలు గోనెసంచిలోకి, చాపలు చుట్టలోకి. నాలుగింటికి టిచ్చమ్మ మెషీను ముందు నుంచే చక్రాల బండి మీద అట్టపెట్టెలు ఒక్కో వరసా ఆ గదిలోకి వెళ్ళాయి. పెట్టెల మీద '9-12 నెలలు' అని చీటీలు. అవి ఆమె బటన్లు కొట్టిన సూట్లే. పెద్దమ్మ ఏప్రన్ విప్పి, మడత మీద మడత పెట్టి ఇచ్చేసి, చీపురు అందుకుంది. ఏనుగు నవ్వుతూ తలుపుతో పాటు మూసుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో పిడికెడు తల్లి ఒళ్ళోకి తనే ఎక్కి, రవిక పట్టుకుని లాగింది. గూట్లో సీసా వంక చూడలేదు.

"వింతే!" అంది అత్త, నూనె వెచ్చబెట్టి మోకాళ్ళకు రాసుకుంటూ. "ఇవాళ వచ్చాక కూడా సీసా నోట్లో పెడితే ఊసింది. ఒక్క పూటలో ఏం మందు పెట్టావే దీనికి?"

"నన్నే పెట్టాను" అంది టిచ్చమ్మ. పాప తాగి నిద్రలోకి జారాక మెల్లగా అంది. "అత్తయ్యా, రేపు పాపకు మూడు జతల బట్టలు, దుప్పటి సర్దండి."

"ఎందుకు? మళ్ళీ రమ్మన్నారా?"

"రమ్మనలేదు. నేనే తీసుకెళ్తా. రోజూ వస్తుందని చెప్పా కదా. అబద్ధమాడితే కళ్ళు పోతాయని మీరే అంటారుగా."

అత్త చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. "పని పోతుందే అమ్మాయ్."

"పోవచ్చు. పాలు పోయాక పని ఉండి ఏం చేసుకోను? పాలు వెనక్కి వెళ్తే మళ్ళీ రావు అత్తయ్యా."

అత్త చాలాసేపు నూనె రాసుకుంది, రాసిన చోటే. తర్వాత, "నా మోకాళ్ళకూ ఓ పూట సెలవు కావాలిలే" అంది. అని, ఊరుకోలేక, "అయితే అబద్ధాలు మనింటా వంటా లేవన్నమాట. హరిశ్చంద్రుడి వంశం" అంది.

"మీరు మాట్లాడకండి. గిన్నెలు పై అరలోకి ఎప్పుడెక్కాయి?"

అత్త మొహంలో దొరికిపోయిన పిల్ల కనబడింది. "శనివారం" అంది తల దించుకుని. "శనివారం పదకొండింటికి లేచింది ముండ. నువ్వు చూడలేదని నాకు అన్నం సయించలేదు."

టిచ్చమ్మ లేచి వెళ్ళి ఆ నూనె గిన్నె తీసుకుని, అత్త రెండో మోకాలికి తనే రాసింది. ఆ తర్వాత కాలరక్కకు ఫోన్ చేసింది.

గురువారం ఏడింటికి గేటు దగ్గర కాపలాదారు చేతులు అడ్డం పెట్టాడు. "పిల్లల్ని లోపలికి తేకూడదు. నిన్నంటే నిన్న."

"రిజిస్టరు తెప్పించి చూడన్నా. మా పాప ఏడాది నుంచీ ఈ గేటులోంచే పోతోంది" అంది టిచ్చమ్మ. "నువ్వు గుర్తుపట్టకపోతే నీ కళ్ళే చూపించుకోవాలి."

వెనక కాలరక్క బండోడితో వచ్చింది. ఆమె వెనక మరో ముగ్గురు. నిన్నటి ఆరుగురు పిల్లల్లో ఐదుగురు వచ్చారు. కాపలాదారు ఐదు జతల కళ్ళను చూశాడు. బండోడు అతని టోపీ కోసం చెయ్యి చాచాడు. అతను పక్కకు జరిగాడు.

గడియారం మెట్లు దిగుతూనే అరిచాడు. "ఏంటిది? ఒక్కరోజుకే కదా చెప్పింది!"

"మీరు ఒక్కరోజన్నారు సార్. వాళ్ళతో రోజూ అనమన్నారు. నేను రోజూ అన్నా" అంది టిచ్చమ్మ. గొంతు పెంచలేదు. పాప కాళ్ళు సర్దుకుంటూ అంది. "ఆవిడ రాసుకుంది కూడా. మళ్ళీ ఏ రోజు వస్తారో ముందు చెప్పం అన్నారు. వచ్చినప్పుడు గదిలో పెట్టెలుంటే ఏం చెప్పను? టిక్కులన్నీ మీరే కొట్టారని చెప్పనా?"

గడియారం మణికట్టు చూసుకున్నాడు. మేనేజరుకు కబురెళ్ళింది. మేనేజరు వచ్చి ఒక్కొక్కరి మొహం చూసి, "గది నిండా సరుకుంది. ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

"నిన్నెక్కడ పెట్టారో అక్కడ" అంది కాలరక్క. "మీరేం కష్టపడకండి సార్. మేం మోస్తాం. మోయడం మాకు కొత్తా?"

తాళంచెవి వచ్చింది. గడియారం నడుముకు వేలాడే గుత్తిలోంచి, ఇరవై తాళంచెవుల మధ్య నుంచి. తలుపు తీశారు. చీపురు పట్టుకుని దూరంగా నిలబడ్డ పెద్దమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చింది. చీపురు గోడకు ఆనించి, కొంగు నడుముకు చుట్టి, ఐదుగురు పిల్లల్నీ ఒక మూల చేర్చుకుంది. ఐదుగురు తల్లులూ వరసలో నిలబడి పెట్టెలు చేతులు మార్చారు. అరగంట పట్టింది. చాపలు లేవు. దుప్పట్లు పరిచారు. బొమ్మల సంచి దొరకలేదు. ఖాళీ పెట్టె ఒకటి మిగిలితే దాన్ని లోపలే ఉంచేశారు.

టిచ్చమ్మ మెషీను ముందు కూర్చుంది. టక్. గుడ్డ జరిపింది. టక్. ఒక్క బటనూ పక్కకు పోలేదు. పదింటికి రవిక తడిసింది. ఆమె లేచింది. ఎవరినీ అడగలేదు. ఎడమకు తిరిగితే మరుగుదొడ్డి. ఆమె కుడికి తిరిగి నలభై అడుగులు నడిచింది.

గడప దగ్గరే ఆగిపోయింది. పిడికెడు ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. తల్లిని చూసింది. చూసిన సంబరంలో చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ వదిలేసింది. వదిలేసినట్టు దానికి తెలియదు. ఒకటి, రెండు, మూడు. మూడు అంకెలసేపు ఏ ఆసరా లేకుండా నిలబడి, చతికిలబడి, పడ్డందుకు ఆశ్చర్యపోయింది.

"పెద్దమ్మా! ఇదివరకు ఇలా వదిలిందా?" టిచ్చమ్మ గడప దాటి పాపను ఎత్తుకుంది. "నిజం చెప్పు. నా మీద ఒట్టు."

"లేదే తల్లీ. ఇదే మొదలు" అంది పెద్దమ్మ.

ఆమె కూర్చుని పాలు పట్టింది. గడియారం తలుపు దగ్గరికొచ్చి, "ఎంతసేపు?" అన్నాడు.

"పాపనడగండి సార్" అంది. అతను అడగలేదు. పాప ఇరవై నిమిషాలు తాగింది.

సాయంత్రం ఆరింటికి ఆ తలుపుకు మళ్ళీ తాళం పడింది. తాళంచెవి మళ్ళీ ఆ నడుముకే ఎక్కింది. "రేపటి సంగతి రేపు చూద్దాం" అన్నాడు మేనేజరు. అంటే తనిఖీవాళ్ళు వచ్చిపోయేదాకా. ఆ సంగతి మాకూ తెలుసు, మీకూ తెలుసు.

రేపు చూసేదేం లేదు. రేపు ఏడింటికి వాళ్ళు వస్తారు. పెట్టెలకు వేరే చోటు వెతకండి. పెద్దమ్మ చేతిలో చీపురు తీసుకుని, ఆయా పని, ఆయా జీతం ఆమె పేరున రాయండి. పదింటికీ రెండింటికీ తల్లి లేస్తే మణికట్టు చూడకండి. ఆ దొంగ రిజిస్టరు చింపి, రేపటి తేదీతో మొదటి నిజం టిక్కు కొట్టండి. తనిఖీ పెద్దమనుషులారా, మీరు చెప్పకుండా వస్తామన్నారు కదా, నిజంగా చెప్పకుండానే రండి. పిడికెడు తూకానికి ఇంకా ఏడు రోజులే ఉన్నాయి. ఆ గుత్తిలోంచి ఆ ఒక్క తాళంచెవి తీసి తల్లుల చేతికివ్వండి. ఇవాళే ఇవ్వండి.